అమ్మ కంచం

రాత్రిపూట కరెంటు పోయి ఫ్యాను ఆగిపోతే మా ఇంట్లో ఒక చప్పుడు వినిపిస్తుంది. టిక్, టిక్, టిక్. మొదటిసారి విన్నప్పుడు మా పిన్ని గోడ గడియారం వైపు చూసింది. అది బ్యాటరీ అయిపోయి ఆగి అప్పటికే నెలయింది. ఆ చప్పుడు అమ్మ గుండెలోంచి వస్తోందని చెబితే పిన్ని నమ్మలేదు. దగ్గరికొచ్చి చెవి ఆనించి విని, కళ్లనీళ్లు పెట్టుకుంది. అమ్మ మాత్రం నవ్వింది. "ఎందుకే ఏడుస్తావు? వినపడుతున్నంతకాలం మంచిదేగా" అంది.

అమ్మ గుండెలో ఒక కృత్రిమ కవాటం ఉంది. దాని మూలంగా ఆమె జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర వేసుకోవాలి. గోడపత్రికకు సొంత అనుభవం ఏదైనా రాయమని మేడమ్ అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఇదే. ఆ మాత్ర వేసుకునే మనిషి ఇంట్లో ఉంటే తిండి విషయంలో ఎంత జాగ్రత్త కావాలి, ఆ జాగ్రత్తను మేం ఎంత తలకిందులుగా అర్థం చేసుకున్నాం, అసలు తప్పు చివరికి ఎక్కడ దొరికింది అన్నది చెప్పాలనిపించింది.

మాది రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో ఒక క్యాంపు. క్యాంపు అనగానే హాస్టల్లో చాలామంది "మీ నాన్నగారు మిలిటరీనా?" అని అడుగుతారు. కాదు. తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయింది. ఎడమ కాలువ కింద నీళ్లు పారతాయని తెలిశాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఎన్నో రైతు కుటుంబాలు అక్కడికి వెళ్లి నల్లరేగడి భూములు కొనుక్కున్నాయి. పొలాల దగ్గరే గుడిసెలు వేసుకుని ఉండిపోయాయి. ఆ గుడిసెల గుంపులే క్యాంపులు. ఇప్పుడు గుడిసెలు పోయి డాబాలు వచ్చాయి గానీ పేరు మారలేదు. మా తాతయ్య పశ్చిమ గోదావరి నుంచి అలాగే వచ్చారు. మాకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ.

వంటింట్లోనూ అంతే. పొద్దున జొన్నరొట్టె, మధ్యాహ్నం సోనామసూరి అన్నం. మేం గోంగూర అనేదాన్ని పక్కింటి కన్నడం వాళ్లు పుండిపల్లె అంటారు. వాళ్లు జొన్ననూక వేసి ఉడికిస్తారు, మేం రోట్లో నూరతాం. ఆకు ఒకటే. రొట్టెలో పచ్చి మెంతాకు, ఉల్లిపాయ నంజుకోవడం అమ్మ అక్కడికి కాపురానికి వచ్చాకే నేర్చుకుంది. ఆకుకూర లేని రోజు మా ఇంట్లో ఉండేది కాదు. ఈ కథలో ముఖ్యమైన సంగతి ఇదే, గుర్తుంచుకోండి.

అమ్మకు చిన్నప్పుడు తరచూ గొంతునొప్పి, జ్వరం వచ్చేవట. ఒకసారి మోకాళ్లు, మోచేతులు వాచి నడవలేకపోయిందట. "ఎదుగుదల నొప్పులు" అని నువ్వులనూనె రాసి ఊరుకున్నారు. అది కీళ్లను పట్టి వదిలేసి గుండెను పట్టుకునే జ్వరమని, దాన్ని రుమాటిక్ ఫీవర్ అంటారని అప్పుడు ఇంట్లో ఎవరికీ తెలియదు. గొంతులో చేరిన ఒక రకం బ్యాక్టీరియా మీద శరీరం చేసే యుద్ధం, పొరపాటున సొంత గుండె కవాటాల మీదికే తిరుగుతుంది. సకాలంలో గుర్తిస్తే మూడు నాలుగు వారాలకొక పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో ఏళ్ల తరబడి కాపాడుకోవచ్చు. అమ్మ విషయంలో ఆ అవకాశం దాటిపోయింది. నాకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి ఆమె మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. హైదరాబాదులో ఆపరేషన్ చేసి, ఎడమ వైపున్న మైట్రల్ కవాటం తీసేసి కొత్తది అమర్చారు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి పంపేటప్పుడు ఎసిట్రామ్ అనే మాత్ర రాసిచ్చారు. కృత్రిమ కవాటాన్ని రక్తం పరాయి వస్తువుగా చూస్తుంది, దాని మీద గడ్డకట్టాలని చూస్తుంది. అలా కట్టిన గడ్డ కవాటాన్ని బిగదీసినా, విడిపోయి మెదడుకు వెళ్లినా ప్రాణం మీదికొస్తుంది. అందుకని ఈ మాత్ర. మరీ ఎక్కువైతే రక్తం ఆగదు. అంటే రెండు గట్ల మధ్య నడవాలి. ఆ నడకను కొలిచే రక్తపరీక్ష పేరు ఐ.ఎన్.ఆర్. మందు వాడని వాళ్లకి అది 1 దగ్గర ఉంటుంది. అమ్మకు 2.5కీ 3.5కీ మధ్య ఉండాలన్నారు.

తిండి గురించి అక్కడ ఏదో చెప్పారు. నాన్న ఆ రోజు బిల్లుల హడావిడిలో ఉన్నాడు, నేను పరీక్షల్లో ఉన్నాను. ఊరికొచ్చాక మందుల షాపులో ఒకతను చీటీ చూసి, "ఈ మాత్రకి ఆకుకూరలు పడవండీ, పూర్తిగా బంద్ చెయ్యండి" అన్నాడట. నాన్న ఇంటికొచ్చి అదే శాసనం చేశాడు. పెరట్లో ఉన్న తోటకూర మడి పీకించేశాడు. గోంగూర కట్ట గుమ్మంలోకి రావడానికి లేదు. పక్కింటి అక్క పుండిపల్లె గిన్నెతో వస్తే గేటు దగ్గరే ఆపేశాం. ఆ అక్క నొచ్చుకుంది. అమ్మ ఏమీ అనలేదు. రొట్టెలో ఉల్లిపాయ ఒక్కటే నంజుకునేది.

కష్టపడి పథ్యం చేస్తున్నాం కదా, నెంబరు కుదురుగా ఉండాలి. ఉండలేదు. ఒక నెల 2.8, ఇంకో నెల 4.1. ఆషాఢంలో 1.7కి పడిపోయింది. ఆ 1.7 ఎందుకొచ్చిందో తర్వాత తెలిసింది. ఆషాఢంలో మునగాకు తినాలని మా నాయనమ్మ పట్టు. "డాక్టర్లు వద్దన్నది ఆకుకూరలు. మునగ చెట్టు కదా, కూరెలా అవుతుంది?" అని ఆవిడ తర్కం. వారంలో నాలుగుసార్లు మునగాకు పప్పు, మునగాకు వేపుడు చేసి ప్రేమగా పెట్టింది. డాక్టరుగారు ఆ సంగతి తెలియక మాత్ర మోతాదు పెంచారు. ఆషాఢం పోయింది, మునగాకు పోయింది. పెంచిన మోతాదు అలాగే ఉండిపోయింది.

కార్తీకం వచ్చింది. అమ్మ ఆపరేషనుకు ముందు మొక్కుకుంది, సోమవారాలు నక్షత్రాలు చూసేదాకా పస్తుంటానని. దానికి తోడు దగ్గు పట్టుకుంటే, సింధనూరు దాకా ఎవరు వెళ్తారులే అని షాపులో అడిగి ఒక యాంటీబయాటిక్ తెచ్చి వేసుకుంది. మూడో సోమవారం గడిచాక మంగళవారం పొద్దున దిండు గలీబు మీద రక్తపు మరక. చిగుళ్లలోంచి. ముంజేతి మీద దెబ్బ ఏమీ తగలకుండానే అరచేయంత నల్లని మచ్చ. నాన్న నాకు ఫోన్ చేసి మాట్లాడలేక తమ్ముడికి ఇచ్చాడు. వాడు ఒకటే మాట అన్నాడు: "అక్కా, 6.4 అంట."

నేను రాత్రి బస్సెక్కి వెళ్లాను. కిటికీ పక్కన కూర్చుని తెల్లారేదాకా ఆ నెంబరే తిప్పి తిప్పి అనుకున్నాను.

అదృష్టం బాగుండి మెదడులోనో కడుపులోనో రక్తస్రావం జరగలేదు. డాక్టరు మేడమ్ రెండు రోజులు మాత్ర ఆపించి, మళ్లీ పరీక్ష చేయించి, మోతాదు సరిచేశారు. (ఇది డాక్టరు చెబితేనే చెయ్యాలి. కవాటం ఉన్నవాళ్లు మాత్ర తమంతట తాము ఆపితే గడ్డకట్టే ప్రమాదం.) అప్పుడు నేను ధైర్యం చేసి అడిగాను. "మేడమ్, ఆకుకూర ఒక్క రెమ్మ కూడా పెట్టకుండా చూస్తున్నాం. అయినా ఎందుకిలా?"

ఆవిడ ఆశ్చర్యపోయారు. "ఎవరు మానెయ్యమన్నారు? మానడం కాదమ్మా, రోజూ ఒకేలా తినాలి" అన్నారు.

ఆ ఒక్క మాటలో ఉన్న శాస్త్రం తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని పదార్థాలను కాలేయం తయారుచేస్తుంది. వాటిలో నాలుగింటికి విటమిన్ కె తప్పనిసరి. దీన్ని కనిపెట్టిన డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్, తమ భాషలో గడ్డకట్టడాన్ని "కోయాగులేషన్" అని కె అక్షరంతో రాస్తారు కాబట్టి ఆ పేరు పెట్టాడు. ఎడ్వర్డ్ డోయిసీతో కలిపి ఆయనకు 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి ఇచ్చారు. శరీరం ఒకసారి వాడిన విటమిన్ కెను పారెయ్యదు, బాగుచేసుకుని మళ్లీ వాడుకుంటుంది. అమ్మ వేసుకునే మాత్ర ఆ బాగుచేసే పనికి అడ్డుపడుతుంది. అంటే మాత్ర ఒకవైపు లాగుతుంది, కంచంలోని ఆకుకూర రెండోవైపు లాగుతుంది. రెండూ కుదురుగా ఉంటే నెంబరు కుదురుగా ఉంటుంది.

మరి పూర్తిగా మానేస్తే మంచిదేగా అని మీరూ అనుకోవచ్చు, మేం అనుకున్నట్టే. అక్కడే పప్పులో కాలేశాం. ఒంట్లో విటమిన్ కె నిల్వ అడుగంటితే చిన్న మార్పు కూడా పెద్ద కుదుపు అవుతుంది. ఎండిన చెరువులో బిందెడు నీళ్లు పోసినా కనిపిస్తాయి, నిండు చెరువులో కనిపించవు. అమ్మ చెరువును మేమే ఎండగట్టాం. దాని మీద మునగాకు పోస్తే ఒకవైపు ఒరిగింది. ఉపవాసాలతో ఉన్నది కాస్తా తగ్గిపోతే రెండోవైపు ఒరిగింది. యాంటీబయాటిక్కులు మరో రకం చిక్కు. కొన్ని మాత్రను ఒంట్లో త్వరగా ఖర్చు కానివ్వవు, కొన్ని పేగుల్లో విటమిన్ కె తయారుచేసే మంచి బ్యాక్టీరియాను చంపుతాయి. ఏ రకంగా చూసినా రక్తం మరింత పల్చబడుతుంది.

ఈ మందుల కుటుంబం ఎలా పుట్టిందో చదివితే రైతు బిడ్డగా నాకు వింతగా అనిపించింది. 1920లలో అమెరికా, కెనడాల్లో పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చనిపోయేవి. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ అనే గడ్డి తినడం కారణమని పశువైద్యులు పసిగట్టారు. 1933 ఫిబ్రవరిలో మంచుతుపానులో ఒక రైతు చచ్చిన పెయ్యను, గడ్డకట్టని రక్తం ఉన్న డబ్బాను, ఆ గడ్డిని బండిలో వేసుకుని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రవేత్త దగ్గరికి వచ్చాడు. ఏళ్ల శ్రమ తర్వాత లింక్ బృందం గడ్డిలోని ఆ పదార్థాన్ని వేరుచేసింది. దానికి దగ్గరి చుట్టమైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చింది, 1954 నుంచి మనుషులకు మందయింది. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కూ దాన్నే ఇచ్చారు. అమ్మ వేసుకునేది వార్ఫరిన్‌కు వరసకు చెల్లెలు.

ఇది ఇంట్లో చదివి వినిపిస్తే నాన్న లేచి వెళ్లి, వరిచేలో ఎలుకలకి పెట్టే బ్రోమాడయోలోన్ ప్యాకెట్టు తెచ్చాడు. "ఇదీ ఆ కుటుంబమేనా?" అన్నాడు. అవును, అదీ ఆ జాతిదే, ఇంకా బలమైనది. నాన్న ఆ ప్యాకెట్టు చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. అప్పటిదాకా మాత్ర అంటే ఆయనకు బలం మాత్రే. మర్నాడే దాన్ని ఇంట్లోంచి తీసి పొలం గట్టు మీది షెడ్డులో తాళం వేసి పెట్టాడు. అమ్మ మాత్రల డబ్బా మీద తమ్ముడి చేత పెద్ద అక్షరాలతో "రాత్రి 8 గంటలు" అని రాయించాడు.

సరే, రోజూ ఒకేలా తినాలి. ఇంటికి ఆకుకూరలు తిరిగొచ్చాయి. వారంలో ఏ రోజు ఏ కూరో నేనే పట్టిక రాసి గోడకి అంటించి వచ్చాను. అయినా నెంబరు గాడిన పడలేదు. 2.2, తర్వాత 3.9. పట్టిక ప్రకారమే వండుతున్నానని అమ్మ ఒట్టేసి చెప్పింది. అది అబద్ధం కాదు.

సంక్రాంతి సెలవులకి వెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుని కూర్చున్నాను. ఈసారి ఏం వండామో రాయలేదు. అమ్మ ఏం తిన్నదో, ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో రాశాను. పది రోజులు.

మొదటిరోజు తోటకూర పప్పు. అందరికీ నచ్చింది, గిన్నె ఖాళీ. అమ్మ మాగాయ, మజ్జిగతో తిన్నది. రెండోరోజు పాలకూర పప్పు. నాన్న పొలంలోనే ఉండిపోయాడు, తమ్ముడు బయట తిన్నాడు. కూర మిగిలింది. పారెయ్యలేక అమ్మ రాత్రికి అదే, మర్నాడు పొద్దున రొట్టెలోకీ అదే తిన్నది. మూడోరోజు చుట్టాలు. వాళ్లకి వడ్డించి, కూర్చోబెట్టి మాట్లాడి, మధ్యాహ్నం మూడున్నరకి చారన్నం. నాలుగోరోజు శనివారం, ఒంటిపూట. ఐదోరోజు గోంగూర పచ్చడి, రోలు కడిగే ముందు అన్నం కలుపుకుని తినేసింది, కూర్చోకుండానే.

పదో రోజు రాత్రి ఆ పుస్తకం వెనక్కి తిప్పి చదువుతుంటే నాకు నోట మాట రాలేదు. వంట పట్టిక సరిగ్గానే ఉంది. నాన్న కంచం ఒకేలా ఉంది, తమ్ముడి కంచం ఒకేలా ఉంది, నాది ఒకేలా ఉంది. అమ్మకు మాత్రం కంచమే లేదు. మా అందరి కంచాల్లో మిగిలినదే ఆమె భోజనం. మేం ఎక్కువ తింటే ఆమెకు విటమిన్ కె సున్నా, మేం తక్కువ తింటే రెండింతలు. ఆమె రక్తం మా ఆకలిని బట్టి పల్చబడుతోంది, మా ఆకలిని బట్టి చిక్కబడుతోంది.

ఇరవై ఏళ్లుగా నేను ఆ వంటింట్లో తింటున్నాను. నాకెప్పుడూ కనిపించలేదు.

ఆ రాత్రి అందరినీ కూర్చోబెట్టి చదివాను. నాన్న ముందు అమ్మ మీదే విసుక్కున్నాడు. "నిన్నెవరు తినొద్దన్నారు? ముందే తినొచ్చుగా?" అన్నాడు. అమ్మ, "నేను కూర్చుంటే మీకు ఎవరు వడ్డిస్తారండీ?" అంది. అది ఎదురుప్రశ్న కాదు, నిజంగానే అడిగింది. ఎవరికీ జవాబు రాలేదు. చివరికి నాయనమ్మ మాట్లాడింది. "నేనూ యాభై ఏళ్లు అలాగే తిన్నానే. మా అత్తగారు గిన్నె గీకిన చప్పుడు విని, ఇంకేం మిగిలిందో లెక్క కట్టేది" అంది. లేచి వెళ్లి అటక మీద వెతికి, నా చిన్నప్పటి పాలగిన్నె ఒకటి తెచ్చింది. చిన్న స్టీలు గిన్నె, దాని మీద నా పేరు చెక్కి ఉంది. "అమ్మాయ్, పొయ్యి మీంచి కూర దించగానే ముందు ఈ గిన్నెడు తీసి పక్కన పెట్టు. అది ఎవడూ ముట్టుకోడు. చుట్టాలొచ్చినా సరే" అంది. మునగాకుతో నెంబరు పడగొట్టింది ఆవిడే, కాపలాకి నిలబడిందీ ఆవిడే.

అప్పటినుంచి మా ఇంటి పద్ధతి ఇది. మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర వాడుతుంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. మోతాదు మాత్రం ఎవరి డాక్టరు వాళ్లకి చెప్పాల్సిందే.

ఆకుకూర రోజూ ఆ గిన్నెతో ఒక గిన్నె, ఎక్కువ కాదు, తక్కువ కాదు. అన్ని ఆకుల్లో విటమిన్ కె ఒకేలా ఉండదు. పచ్చి పాలకూర 100 గ్రాముల్లో సుమారు 480 మైక్రోగ్రాములుంటే, క్యాబేజీలో 75 దాకా ఉంటుంది, బంగాళదుంపలో రెండు మూడుకు మించదు. పెద్దవయసు ఆడవాళ్లకు రోజుకు కావలసింది 90 దగ్గర. తోటకూర, పాలకూర, మునగాకు, మెంతికూర, కొత్తిమీర పచ్చడి ఎక్కువ ఉన్న వరసలో ఉంటాయి. బీర, సొర, వంకాయ, టమాటా, ఉల్లి, దుంపలు తక్కువ వరస. అందుకని పచ్చడి చేసిన రోజు కూర గిన్నె తగ్గిస్తాం. పోపులో కరివేపాకు, పైన చల్లే కొత్తిమీర లెక్కలోకి రావు. అన్నం, జొన్నరొట్టె, పప్పు, పెరుగు భయం లేకుండా తినొచ్చు.

ఎళ్ల అమావాస్యకి పక్కింటి వాళ్లు పొలానికి పిలుస్తారు. సజ్జరొట్టె, రకరకాల పల్లెలు పెడతారు. అమ్మ వెళ్తుంది, తన గిన్నె తీసుకుని వెళ్తుంది. గేటు దగ్గర ఆపేసినందుకు ఆ అక్కకి క్షమాపణ చెప్పి, ఎందుకో వివరించాం. ఇప్పుడు పుండిపల్లె చేసిన రోజు ఆవిడే ముందు, "అక్కా, ఇవత్తు నిమ్మ గిన్నె ఖాలీ ఇదెయా?" అని గోడ మీంచి అడుగుతుంది.

ఉపవాసాల గురించి పెద్ద గొడవే అయింది. మొక్కు మొక్కే కదా. పూజ, దీపం ఎప్పటిలాగే. పస్తు మాత్రం నాన్న తీసుకున్నాడు. "మొక్కు ఇంటిది, ఒంటిది కాదు" అని నాయనమ్మ తీర్పు చెప్పింది. విరేచనాలు పట్టుకున్నా, జ్వరంతో రెండు రోజులు తిండి సహించకపోయినా పరీక్ష ముందే చేయిస్తాం.

షాపులో అడిగి ఏ మందూ తేవడం లేదు. ఒళ్లునొప్పుల మాత్రల్లో చాలావరకు కడుపులో రక్తస్రావం తెస్తాయి. కషాయాలు, ఆకుపసర్లు, బలం పొడులు కూడా డాక్టరుకు చూపించాకే. పన్ను పీకించుకోవాలన్నా, ఇంజెక్షన్ చేయించుకోవాలన్నా ముందు ఈ మాత్ర సంగతి చెప్పాలి. ఒకపూట మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. మూత్రం ఎర్రగా, విరేచనం తారులా నల్లగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా రేపటిదాకా ఆగకూడదు.

మనం ఆడపిల్లలం కాబట్టి ఇంకొకటి. మన వయసులోనే కవాటం మార్పించుకున్న వాళ్లుంటారు. ఈ మాత్ర కడుపులోని బిడ్డకు హాని చెయ్యొచ్చు, ముఖ్యంగా మొదటి నెలల్లో. పెళ్లి చూపుల్లో దాచేసి, తర్వాత గర్భం వచ్చాక భయపడి మాత్ర మానేస్తే తల్లి ప్రాణానికే ముప్పు. ముందే డాక్టరుతో మాట్లాడితే దారులున్నాయి. మీ చెల్లెలికో తమ్ముడికో గొంతునొప్పి జ్వరం తర్వాత కీళ్లు వాస్తే మాత్రం నూనె రాసి ఊరుకోకండి. మా అమ్మ కథ అక్కడే మొదలైంది.

ఇప్పుడు అమ్మ నెంబరు ఎప్పుడూ గీత దాటదని చెప్పను. కిందటి నెల 2.9, ఈ నెల 3.6. "కొంచెమే కదా, మాత్ర మార్చొద్దు, మళ్లీ చూద్దాం" అన్నారు మేడమ్. 6.4 చూసినవాళ్లకు 3.6 పెద్ద విషయం కాదు.

హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే ఇదివరకు అమ్మ "తిన్నావా?" అని నన్నడిగేది. ఇప్పుడు నేనే ముందు అడుగుతాను. మొన్న చేసినప్పుడు నవ్వుతూనే ఉంది. ఏమిటని అడిగితే, "ఇవాళ మీ నాన్న నన్ను కూర్చోబెట్టి వడ్డించాడే. చారు ముందు పోసి, దాని మీద పప్పు వేశాడు. ఉప్పు అడిగితే పంచదార డబ్బా తెచ్చాడు" అంది.

"మరి తిన్నావా?"

"తిన్నాను. వేడివేడిగా తిన్నాను" అంది అమ్మ.